రెండేళ్లు ఆపి ఒక్క పొద్దున పరుగెత్తమంటే ఎట్లా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, ఉరవకొండ దగ్గర పల్లె. నాకు 27 ఏండ్లు, బీసీని, బీఎస్సీ చదివినా. 2023 జనవరిలో కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసయినా. రేపో మాపో ఈవెంట్స్ (దేహదారుఢ్య పరీక్షలు) పెడతారని ఆర్నెల్లు పొద్దున్నే లేచి పరుగెత్తినా, తేదీ రాలేదు. ఇంట్లో గడవక ట్రాక్టర్ షోరూంలో చేరినా. తీరా ఈవెంట్స్ పెట్టేసరికి రెండేండ్లయింది. 1600 మీటర్లలో 22 సెకన్లు ఎక్కువ పట్టి అక్కడితో ఇంటికొచ్చేసినా. నాతో చదివినోడు నాయకుని సిఫార్సుతో ఔట్‌సోర్సింగ్‌లో చేరి నెలనెలా జీతం తీసుకుంటున్నాడు. ఈ ఏడు శనక్కాయ కూడా పోయింది, నాయనకు అప్పు మిగిలింది. కష్టం మాది, ఫలం ఇంకొకరిది. ఇంకా పుస్తకం పట్టుకోవాల్నా, వదిలేయాల్నా?

సమాధానం: మీకు జరిగింది అన్యాయం కాదని చెప్పడానికి మాకు నోరు రాదు. ఆ నోటిఫికేషన్ 2022 నవంబర్‌లో వచ్చింది, పోస్టులు 6,100. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబర్ 30న, ఆఖరి రాతపరీక్ష 2025 జూన్ 1న. మధ్యలో కోర్టు కేసులు, ఎన్నికలు. ఇందులో మీ చేతిలో ఉన్నది ఒక్కటీ లేదు. మీలాగే ప్రిలిమ్స్ గట్టెక్కిన వాళ్లు రాష్ట్రమంతా వేలకు వేలు ఆ రెండేళ్లూ తేదీ తెలియకుండానే కూర్చున్నారు.

అయితే ఆ తేదీల్లోనే ఇంకో సంగతి ఉంది, అది చూడండి. టీచర్ పోస్టుల డీఎస్సీ 2018 తర్వాత మళ్లీ పరీక్ష దాకా వచ్చింది 2025లోనే. ఏడేళ్ల ఎదురుచూపు. 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఏప్రిల్ 20న, దరఖాస్తుకు గడువు మే 15 దాకా, పరీక్షలు జూన్ 6 నుంచి. ఏడేళ్లు కూర్చోబెట్టి, చదువుకోవడానికి ఇచ్చింది నెలన్నర. గడువు పెంచమని అభ్యర్థులు ఎంత మొత్తుకున్నా గడువూ కదల్లేదు, పరీక్షలు మొదలయ్యే తేదీ కదల్లేదు. ఉద్యోగ ప్రకటనలు మన దగ్గర వచ్చే తీరే ఇది: ఏళ్లకేళ్లు చప్పుడుండదు, వచ్చాక ఊపిరి తీసుకోనివ్వవు.

కాబట్టి నోటిఫికేషన్ రాకముందు మనిషి ఏ స్థితిలో ఉన్నాడన్నదే సగం తేల్చేస్తుంది. ఇక్కడ చాలామంది రెండు కొసలకు పోతారు. కొందరు రెండేళ్లూ రోజుకు పది గంటలు చదవాలని, రోజూ పరుగెత్తాలని పెట్టుకుంటారు. నాలుగు నెలలకు ఒళ్లూ మనసూ రెండూ మొరాయిస్తాయి. కొందరు తేదీ వచ్చినప్పుడు చూద్దాంలే అని మొత్తం వదిలేస్తారు. మీరు మొదట ఒకటి చేసి, తర్వాత రెండోది చేశారు. కావలసింది రెంటికీ మధ్యలో ఉంది. నలభై అయిదు రోజులు గట్టిగా పట్టుకుంటే పరీక్షకు సరిపోయే స్థితికి వచ్చేయగలిగినంత నిలవ ఉంటే చాలు. ఆ నిలవకు పడే శ్రమ మీరనుకునేదాంట్లో మూడో వంతు కూడా ఉండదు.

ముందు వయసు లెక్క వేసుకుందాం. మీకు అన్నీ మూసుకుపోలేదు, కొన్నే మూసుకుపోయాయి. కేంద్ర బలగాల్లోకి తీసుకునే ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్‌కు గరిష్ఠ వయసు 23, ఓబీసీకి మూడేళ్లు కలిపితే 26. అది దాటిపోయింది, దాని మీద ఆశ పెట్టుకోకండి. రాష్ట్ర కానిస్టేబుల్‌కు మూల నిబంధన 24, బీసీలకు అయిదేళ్లు అదనం, అంటే మీకు ఇంకో ఛాన్సు ఉండవచ్చు. రైల్వే గ్రూప్-డికి 33, ఓబీసీకి 36. పది పాసైతే చాలు, గుంతకల్లు డివిజన్ మీ పక్కనే. ఏపీపీఎస్సీ గ్రూప్-2కు 2023 నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 42 పెట్టారు. ప్రతి ప్రకటనలో వయసు ఏ తేదీ నాటికి చూస్తారో రాసి ఉంటుంది. మొదట చదవాల్సింది ఆ లైనే, పోస్టుల సంఖ్య కాదు. కానిస్టేబుల్ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడకుండా రైల్వేనూ దాని పక్కన పెట్టుకోండి. రెండింటికీ అంకగణితం, రీజనింగ్, జనరల్ సైన్స్ చాలావరకు కలుస్తాయి, పరుగు కూడా కలుస్తుంది.

ఇక ఆ 22 సెకన్లు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో అంటే ప్రతి 400 మీటర్లకు 2 నిమిషాలు. పరుగు ఆపేసిన రెండు మూడు వారాలకే దమ్ము తగ్గడం మొదలవుతుంది. ఏడాదిన్నర ఆపి 8:22కు రావడం నిజానికి చెడ్డ టైమేం కాదు. మీలాంటి వాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది మొదటి చుట్టులోనే. పక్కనోళ్లు దూసుకుపోతుంటే మనమూ 1:35కు చుట్టేస్తాం, మూడో చుట్టుకు కాళ్లు సీసం పోసినట్టు అవుతాయి. మొదటి చుట్టు 1:52 కంటే ముందు పూర్తి చేయకూడదని నియమం పెట్టుకోండి. ఒంటరిగా పరుగెత్తినప్పుడు 7:30 రావాలి. పరీక్ష రోజు తెల్లవారుజాము ప్రయాణం, నిద్రలేమి, గంటల తరబడి లైన్లో నిలబడటం, ఇవన్నీ కలిపి ఆ మిగులును తినేస్తాయి.

నిలబెట్టుకోవడానికి వారానికి రెండు రోజులు చాలు. ఒక రోజు 400 మీటర్లు నాలుగుసార్లు, ఒక్కోటి 1:50లో, మధ్యలో రెండు నిమిషాలు నడక. ఇంకో రోజు పక్కనున్న మనిషితో మాట్లాడగలిగినంత నిదానంగా 5 కిలోమీటర్లు. రోజులు తగ్గినా వేగం తగ్గించకుండా ఉంటే దమ్ము నిలుస్తుంది. అదే రోజూ నిదానంగా నాలుగు చుట్లు తిరిగితే నిలవదు. నెలకోసారి పూర్తి 1600 పెట్టి, టైము గోడ క్యాలెండర్ మీద రాయండి. 8:15 దాటిందంటే మూడో రోజు కలపండి.

దూరం కొలిచేటప్పుడు ఫోన్ యాప్‌ను నమ్మకండి. హైస్కూలు గ్రౌండు లాంటి చిన్న చుట్టులో అది మూలలను కోసేసి తప్పు చూపిస్తుంది. టేపుతో ఒకసారి కొలిచి సున్నం గుర్తులు పెట్టుకోండి. 200 మీటర్ల చుట్టయితే ఎనిమిది చుట్లు, ఒక్కోటి నిమిషంలోపు. ఏప్రిల్, మేలో మన ఎండకు ఆరున్నరలోపు అయిపోవాలి. నోటిఫికేషన్ పడగానే వారానికి ఆరు రోజులు తారురోడ్డు మీద పరుగులు పెట్టడమే మోకాలి కింద ముందు ఎముక నొప్పికి కారణం. ఊపిరి ముందు తిరిగొస్తుంది, ఎముకలూ కీళ్లూ అంత తొందరగా సిద్ధం కావు. వారం వారం దూరాన్ని పదో వంతు కంటే ఎక్కువ పెంచకండి, మట్టి మీదే పరుగెత్తండి. సివిల్ పోస్టులకు 1600 మీటర్లతో పాటు 100 మీటర్లు (15 సెకన్లు), లాంగ్‌జంప్ (3.80 మీటర్లు) రెంటిలో ఒకటి గట్టెక్కితే చాలు, మీకు ఏది కుదురుతుందో ఇప్పుడే తేల్చుకుని దాన్నే సాధన చేయండి. రైల్వే గ్రూప్-డిలో పురుషులకు 1000 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో, ఒకే ఛాన్సు. దూరం తక్కువేగాని వేగం కానిస్టేబుల్ కంటే ఎక్కువ, అందుకే ఆ 400ల సాధన రెంటికీ అక్కరకొస్తుంది. దాంతో పాటు 35 కిలోల బరువును కింద పెట్టకుండా 100 మీటర్లు 2 నిమిషాల్లో మోయాలి. యూరియా సంచిలో ఇసుక పోసి, కాటా మీద 35 కిలోలు తూచుకోండి. పొలం పని చేసినోళ్లకు ఇది పెద్ద లెక్క కాదు.

పరుగులో పోయినవాళ్లను అందరూ చూస్తారు. కాగితాల్లో పోయినవాళ్లు ఎవరికీ కనిపించరు. పరీక్షలో మార్కులొచ్చి, సర్టిఫికెట్ల పరిశీలన రోజు వెనక్కి వచ్చేవాళ్ల గోడు వేరు.

అన్ని కాగితాలకూ మూలం పదో తరగతి మెమో. దానిలో మీ పేరు, నాయన పేరు, ఇంటిపేరు ఎట్లా ఉన్నాయో ఒక్కో అక్షరం ఆధార్‌తో పోల్చండి. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమై, ఆధార్‌లో పూర్తిగా ఉండటం మన వైపు మామూలే. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని సచివాలయంలోనో ఆధార్ కేంద్రంలోనో మార్పించేటప్పుడు మెమో ఒరిజినల్ ముందు పెట్టి, ఆపరేటర్ స్క్రీన్ మీద టైపు చేసింది మీరే చదివాకే సరే అనండి. ఆధార్ మెమోకు సరిపోయాక పాన్, బ్యాంకు ఖాతా దాన్ని బట్టి సరిచేయించుకోండి.

స్థానికతకు 4వ తరగతి నుంచి 10 దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. నోటిఫికేషన్ వచ్చాక పోతే హెచ్‌ఎం సెలవులో ఉంటారు, సీలు ఎవరి దగ్గరో ఉంటుంది. బడులు తెరిచిన హడావుడి తగ్గాక, ఆగస్టు సెప్టెంబరులో పోయి తీసుకోండి. ఏ తరగతి ఏ విద్యాసంవత్సరమో విడివిడిగా ఉండాలి, అడ్మిషన్ నంబరు ఉండాలి, మధ్యలో ఒక్క ఏడూ ఖాళీ ఉండకూడదు. మీరు చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే మొదట ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి.

కుల ధ్రువీకరణ ఒకటి ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. రాష్ట్ర ఉద్యోగాలకు పనికొచ్చేది రైల్వేకు పనికిరాదు. దానికి కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, మీ కులం కేంద్ర జాబితాలో ఉండాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ అక్కడ ఉండదు. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. క్రీమీలేయర్‌కు చూసేది తల్లిదండ్రుల స్థితిని, మీ షోరూం జీతాన్ని కాదు. వ్యవసాయ ఆదాయాన్ని ఏడాదికి 8 లక్షల ఆదాయ పరిమితి లెక్కలో కలపరు. ఈ సంగతి తెలియక ఓసీ కింద దరఖాస్తు పెట్టి వయసు సడలింపు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. సర్టిఫికెట్ ఎప్పటిదో కూడా కొన్ని బోర్డులు చూస్తాయి, పాతబడితే కొత్తది తీసి పెట్టుకోండి.

నెట్ సెంటర్ సంగతి విడిగా చెప్పాలి. రద్దీలో వాళ్లు తమ మెయిల్ ఐడీ, తమ ఫోన్ నంబరు కొట్టేస్తారు. హాల్‌టికెట్ మెసేజ్ వాళ్లకు పోతుంది, పాస్‌వర్డ్ వాళ్లకూ గుర్తుండదు. రైల్వేలో అయితే ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన వివరాలు తర్వాత మార్చనివ్వరు. కాబట్టి ఏపీపీఎస్సీ ఓటీపీఆర్ (ఒక్కసారి చేసుకునే వివరాల నమోదు), రైల్వే ఖాతా ఈ రెండూ ఖాళీగా ఉన్న నెలలో మీ సొంత మెయిల్, మీ నంబరుతో మీరే చేసుకోండి. ఆధార్‌కు లింకైన సిమ్‌కు రీఛార్జి ఆపకండి. అది పోయిందంటే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే ఏ పనీ కాదు. సంతకం తెల్లకాగితం మీద నల్ల ఇంకుతో, పెద్ద బడి ఇంగ్లిష్ అక్షరాల్లో కాకుండా మామూలు చేతిరాతలో చేసి స్కాన్ పెట్టుకోండి. కేంద్ర బోర్డులు ఫొటోను ఇప్పుడు అక్కడికక్కడే ఫోన్ కెమెరాతో తీసుకుంటున్నాయి. దానికి అప్‌లోడ్ చేసే పాత ఫొటో పనికిరాదు, లేత రంగు గోడ, మంచి వెలుతురు కావాలి, కళ్లద్దాలు తీసేయాలి. రైల్వేకు ఒక ప్రకటనకు ఒక్క ఆర్‌ఆర్‌బీకే (రైల్వే నియామక బోర్డు) పెట్టాలి. రెండు చోట్ల పెడితే రెండూ పోతాయి. పరీక్ష భాష దగ్గర తెలుగు ఎంచుకున్నారో లేదో సబ్మిట్ కొట్టేముందు మళ్లీ చూడండి. చివరి రోజు సర్వర్ మొండికేస్తుంది, డబ్బు కట్ అయి దరఖాస్తు మాత్రం నిలిచిపోతుంది. గడువుకు వారం ముందే పని ముగించండి.

చదువు గురించి తక్కువే చెప్తాం, ప్రిలిమ్స్ పాసైన మీకు పుస్తకాల పేర్లు అక్కర్లేదు. షోరూం నుంచి వచ్చాక రోజుకు 25 లెక్కలు, గడియారం పెట్టుకుని 25 నిమిషాల్లో. తప్పు పోయిన లెక్కకు ఒక నోటు పెట్టండి, కానీ జవాబు రాయకండి, ఎందుకు తప్పు పోయిందో రాయండి. ఉదాహరణకు: రూ.800 ముద్రిత ధర ఉన్న వస్తువును 10 శాతం తగ్గించి అమ్మినా 20 శాతం లాభం వచ్చింది, కొన్న ధర ఎంత? అమ్మిన ధర 720. ఇక్కడ చాలామంది 720లో 20 శాతం తీసేసి 576 అంటారు, ఆప్షన్లలో 576 కాచుకుని ఉంటుంది. లాభం లెక్కగట్టేది కొన్న ధర మీద, కాబట్టి 720ని 1.2తో భాగించాలి, 600. నోటులో రాయాల్సింది ‘లాభం దేని మీద అన్నది చూసుకోలేదు’ అని. రెండు నెలలకు ఆ నోటు చూస్తే మీ తప్పులు పాతిక రకాలు కావని, అయిదారే తిరిగి తిరిగి వస్తున్నాయని తెలిసిపోతుంది. రైల్వేలో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోస్తారు, అందుకే ఈ అలవాటు ఇప్పటి నుంచే కావాలి. అప్పు చేసి నంద్యాలకో హైదరాబాదుకో కోచింగ్‌కు పోవద్దు. నోటిఫికేషన్ లేని కాలంలో హాస్టల్ ఖర్చు అప్పును పెంచడం తప్ప ఏమీ చేయదు.

నెలకు రూ.300 విడిగా ఒక ఖాతాలో వేయండి. రైల్వే ఫీజు ఓబీసీలకు రూ.500, పరీక్ష రాస్తే 400 తిరిగి వేస్తారు, బ్యాంకు వివరాలు సరిగా ఇస్తేనే. సెంటరు ఎక్కడ పడుతుందో మన చేతిలో లేదు. ఛార్జీలకు లేక హాల్‌టికెట్ జేబులో పెట్టుకుని ఇంట్లో కూర్చోవడం అన్నిటికంటే పాడు పని.

షోరూం ఉద్యోగాన్ని చిన్నచూపు చూడకండి. పీఎఫ్ కడుతున్నారేమో అడగండి, ఆ పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరు తీసుకోండి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు 2019 నుంచి తయారవుతున్నాయి, చుట్టూ విడిభాగాల కంపెనీలున్నాయి. జాబ్‌మేళాకు పోయినప్పుడు జీతమెంత అని ఒక్కటే అడిగి రావద్దు. చేతికి వచ్చేదెంత, చేర్చుకునేది కంపెనీయా కాంట్రాక్టరా, షిఫ్టు బస్సు ఏ ఊరిదాకా వస్తుంది, ఈ మూడూ అడగండి. రెండో ప్రశ్నకు తడబడ్డారంటే మూడోది అడగాల్సిన పని లేదు.

మీ స్నేహితుని సంగతికొస్తే, సిఫార్సు నడుస్తుంది, లేదని బుకాయించం. కానీ ఆ దారిలో వచ్చింది ఆ నాయకుడు ఉన్నంత కాలమే. మీరు ఈ కోపంలో ఉన్నప్పుడే ‘మూడు లక్షలిస్తే కానిస్టేబుల్ చేయిస్తా’ అనేవాడు ఎదురవుతాడు. కానిస్టేబుల్‌కు గానీ గ్రూప్-డికి గానీ ఇంటర్వ్యూనే లేదు. రాతపరీక్ష మార్కులు, గడియారం, కొలతలు. వాడు చేయించగలిగింది ఏమీ లేదు. వందమంది దగ్గర తీసుకుంటే వాళ్లలో అయిదుగురు తమంతట తామే పాసవుతారు, వాళ్లను చూపించి ఇంకో వందమందిని పడతాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాడి చేతిలో పెట్టారంటే డబ్బుతో పాటు పైన చెప్పిన పనంతా పోయినట్టే.

నాయన శనక్కాయ గురించి ఒక్క మాట. వాన ఆయన చేతిలో లేదు, ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంటలో పేరు ఉండటం ఆయన చేతిలో ఉంది. విత్తిన వెంటనే రైతు సేవా కేంద్రంలో గ్రామ వ్యవసాయ సహాయకుని దగ్గర సర్వే నంబరు, పంట, విస్తీర్ణం నమోదు చేయించి, వేలిముద్రతో ఈ-కేవైసీ పూర్తి చేయాలి. నమోదు అయిందనుకుని ఈ-కేవైసీ వదిలేసేవాళ్లే ఎక్కువ. సచివాలయంలో జాబితా అతికించినప్పుడు మీరే పోయి చూడండి. శనక్కాయ బదులు కంది అని పడినా, రెండెకరాలు ఎకరంగా పడినా అభ్యంతరం చెప్పే సమయం అదే, పంట నష్టానికి ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ జాబితా వచ్చాక కాదు. కౌలు భూమి కూడా ఉంటే పంట సాగు హక్కుల కార్డు తీసుకోవాలి, దాని గడువు 11 నెలలే, ఏటా కొత్తది కావాలి. పంట రుణం ఉంటే బీమా ప్రీమియం బ్యాంకు పట్టుకుందో లేదో పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించి చూడండి. పట్టుకుని ఉంటే ఆ పేజీ ఫొటో తీసి, మీ సర్టిఫికెట్లున్న ఫైల్లోనే పెట్టండి.